కింది వరస

పొద్దున్నే సెల్‌ఫోన్ల షాపు షట్టరు ఎత్తగానే అక్కడ పనిచేసే అమ్మాయి చేసే మొదటి పని కౌంటరు మీద మందపాటి తువ్వాలు పరచడం. షాపుకొచ్చే ఫోన్లు ఊరికే ఉండవు కదా. ఒకాయన ఫోన్లోంచి రేపు కురవబోయే వాన ఇవాళే బొట్లు బొట్లుగా కారుతుంటుంది. ఇంకొకాయన ఫోను ఎత్తితే చాలు, వెళ్లని ఊళ్ల దుమ్ము కూడా రాలుతుంది. సాయంత్రం ఆ తువ్వాలు పిండి ఆరేసి ఇంటికి వెళ్లడంతో ఆమె పని ముగుస్తుంది.

హోమ్ స్క్రీన్ మీద పైన ఎన్ని యాప్‌లున్నా పేచీ లేదు. బడిపిల్లల్లా దేని గడిలో అది కూర్చుంటుంది. పేచీ అంతా కింది వరసతోనే. ఎన్ని పేజీలు తిప్పినా కదలకుండా ఉండే నాలుగు యాప్‌లుంటాయే, అవి ఒకేచోట ఉండి ఉండి కొద్దికొద్దిగా బయటికి కారుతుంటాయి, పాత గోడకి చెమ్మ ఊరినట్టు. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. చెమ్మ గురించి మాత్రం ఏం మాట్లాడుకుంటాం? ఏ గోడకి మంచం ఆనించకూడదో చూసుకుంటాం, అంతే.

ఆ చూసుకోవడం తెలియనివాళ్లే ఆమె దగ్గరికి వస్తారు. కవర్లూ చార్జర్లూ అమ్మడానికని పెట్టుకున్న పిల్ల, ఎవరికి ఏ నాలుగు నప్పుతాయో చెప్పడంలో ఆరితేరిపోయింది. అందుకే వీధిలో అందరూ ఆమెను వరసమ్మాయి అంటారు. చంటిపిల్ల తల్లికి టార్చి పెట్టమంటుంది; ఉయ్యాల చుట్టూ గుడ్డి వెలుగు పరుచుకుని పిల్ల బెదరకుండా పడుకుంటుంది. వార్తల యాప్ మాత్రం కింద పెట్టొద్దంటుంది; కళ్లు తెరవకముందే ఇంట్లో అరుపులు మొదలవుతాయి. కొత్త జంట ఒకటి వచ్చి అనువాదం చేసే యాప్ పెట్టుకుంటామంటే ఒప్పుకోలేదు. "వద్దండీ. ఒకరన్నది ఇంకొకరికి పూర్తిగా అర్థమైపోతుంది. ఇక కాపురాలు నిలుస్తాయా?" అంది. వాళ్లు నవ్వి, కేలెండరు పెట్టించుకుని వెళ్లారు.

షాపు ఓనరు పెద్దాయన. వెనకాల బల్ల దగ్గర కంటికి భూతద్దం తగిలించుకుని ఫోన్ల పొట్టలు విప్పుతుంటాడు. ఎవరైనా వచ్చి తమ ఫోను తెగ కారిపోతోందని గోల పెడితే తల ఎత్తకుండా ఒకే మాట అంటాడు. "ఏదీ ఊరికే కారదమ్మాయ్. ఎక్కడో నిండితేనే ఇక్కడ కారుతుంది." రోజూ వినే మాట కాబట్టి ఆమె దాన్ని ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేది.

ఆమె మొట్టమొదట సర్దింది వాళ్ల నాన్న ఫోను. నాన్న టవర్ క్రేన్ నడుపుతాడు. ఆ ఫోను కొన్న రోజు అమ్మా నాన్నా తనూ ముగ్గురూ కూర్చుని గంటసేపు వాదించుకున్నారు. చివరికి నాన్నే తేల్చాడు. "పైన గూట్లో పొద్దస్తమానం ఒక్కణ్నే ఉంటా. మనిషితో మాట్లాడ్డానికి ఫోను. మబ్బేస్తే టార్చి. గాలి ఎంతుందో చెప్పేది ఒకటి, అది లేకపోతే నేను పైకే ఎక్కను. ఇక నాలుగోది రసమట్టం."

"రసమట్టమెందుకు నాన్నా? అది మేస్త్రీలకి కదా?" అంది.

"నాకూ ఇష్టమే. చక్కగా ఉన్నదాన్ని చూస్తే నాకు కడుపు నిండుతుంది," అన్నాడు.

మేస్త్రీలు గోడమీద ఆనించి చూసే రసమట్టం లాంటిదే ఆ యాప్ కూడా. తెరమీద రెండు గీతల మధ్య ఒక బుడగ. బుడగ నడిమధ్యకి వస్తే వస్తువు సమంగా ఉన్నట్టు. అది నాన్న కింది వరసలోకి వచ్చాక ఇంటికి ఒక తీరు వచ్చింది. వడ్రంగి వంకరగా బిగించిపోయిన అల్మారా తనంతట తానే సర్దుకుని నిలబడింది. అమ్మ ఇంట్లోనే తెరలు కుడుతుంది, కిటికీలవీ తలుపులవీ. ఆమె మడిచిన అంచు దారం పోగంత కూడా తేడా రాదని పేరొచ్చింది. నాన్న ఇంట్లో ఉంటే గ్లాసులో నీళ్లు అద్దంలా నిలబడేవి. ఇక గాలి యాప్ పుణ్యమా అని, ఆయన ఇంటికి రాగానే కుట్టి వేలాడదీసిన తెరలన్నీ మెల్లగా ఊగేవి. ఎండాకాలంలో కూడా వాళ్లింట్లో ఫ్యాను వేసేవాళ్లు కాదు. అమ్మ మెషిన్ మీంచి తల ఎత్తకుండానే, "మీ నాన్న వచ్చారు, తలుపు తియ్యి," అనేది.

అలాంటి ఇంట్లో, ఒకనాడు నీళ్లు ఒంగాయి.

భోజనాల దగ్గర గ్లాసులో నీళ్లు ఒకవైపు ఎత్తుగా, ఇంకోవైపు పల్లంగా నిలబడ్డాయి. బల్ల సమంగానే ఉంది. నీళ్లే నాన్న కూర్చున్న వైపుకి ఒంగాయి. మర్నాడు కాస్త ఎక్కువ ఒంగాయి. పెన్సిలు కింద పడితే దొర్లుకుంటూ పోయి నాన్న కాలి దగ్గర ఆగేది. అమ్మ దారపు ఉండలు కూడా అటే పోయేవి. నాన్న వాటిని ఏరి, ఏమీ ఎరగనట్టు బల్లమీద పెట్టేవాడు. అవి మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవి. అమ్మ మెషిన్ బల్ల కాళ్ల కింద అట్టముక్కలు మడిచి పెట్టింది. కంచాల కింద గుడ్డ వేసింది. గ్లాసులు సగానికే నింపడం మొదలుపెట్టింది.

"ఏంటమ్మా, మంచినీళ్లకి కూడా పిసినారితనమా?" అంది వరసమ్మాయి ఒకరోజు.

"దాహమైతే రెండోసారి పోసుకో," అంది అమ్మ.

వరసమ్మాయికి మాత్రం తల కొట్టేసినట్టుండేది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు, వీధి వీధంతా తన సలహా మీద నడుస్తుంటే తన ఇంట్లోనే నీళ్లు ఒంగుతున్నాయి. నలుగురికీ తెలిస్తే ఏమంటారు? నాన్న ఫోను షాపుకి పట్టుకెళ్లి గాజు కౌంటరు మీద పెట్టి చూసింది. బుడగ నడిమధ్యలో బుద్ధిగా నిలబడింది. తువ్వాలు నానబెట్టే బకెట్లో సబ్బునీళ్లు కూడా సమంగానే ఉన్నాయి. ఇంటికి తెచ్చి నాన్న చేతికివ్వగానే గ్లాసులు మళ్లీ ఒంగాయి. యాప్ పాతబడి చెడిపోయిందని తీర్మానించుకుంది. తనకి తెలిసిన విద్య అదే మరి. సుత్తి పట్టుకున్నవాడికి ప్రతిదీ మేకులానే కనిపిస్తుంది.

ఒక ఆదివారం పొద్దున నాన్న పక్కన కూర్చుని, "నాన్నా, ఆ రసమట్టం చెడిపోయింది. దాన్ని కింది వరసలోంచి తీసేసి, అడుగులు లెక్కపెట్టేది పెడతా. ఈ వయసులో నీకు నడక మంచిది," అంది.

"తీసెయ్ తల్లీ. తీసెయ్," అన్నాడు నాన్న. ఎంత తొందరగా అన్నాడంటే, ఆ మాట కోసమే ఎప్పట్నించో కాచుకుని ఉన్నట్టుంది.

అమ్మ మెషిన్ ఆగింది. ఆమె నాన్న వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూశాడు. కిటికీలోంచి, ఇళ్ల కప్పుల మీదుగా, రెండు వీధుల అవతల కడుతున్న పెద్ద భవనమూ దాని పక్కన నాన్న నడిపే పసుపు రంగు క్రేనూ కనిపిస్తాయి. కాసేపటికి మెషిన్ మళ్లీ కదిలింది. వరసమ్మాయి రసమట్టాన్ని వేలితో నొక్కి పట్టి, రెండో పేజీలో ఒక మూలకి లాగి వదిలేసింది. గ్లాసులో నీళ్లు ఒక్కసారి ఊగి సమంగా నిలబడ్డాయి. తన పనితనానికి తానే మురిసిపోయింది.

ఆ రోజు నుంచి ఇల్లు చక్కబడింది. నాన్నే చెడ్డాడు.

గోడ పట్టుకుని నడిచేవాడు. పొద్దున్నే మంచం అంచు మీద కూర్చుని, రెండు చేతులతో పట్టె గట్టిగా పట్టుకుని, నేల తనకి అందేదాకా ఆగి లేచేవాడు. స్నానాల గదిలో వాంతి చేసుకున్న చప్పుడు వినిపిస్తే, "నిన్నటి టీ పడలేదులే," అనేవాడు. కొత్తగా పెట్టిన అడుగుల యాప్ కూడా తన పని తాను చేస్తోంది. ఆయన కూర్చుని ఉన్నప్పుడు కూడా ఇంట్లో ఎక్కడో అడుగుల చప్పుడు. రెండడుగులు, ఆగడం, గోడమీద అరచెయ్యి రాసుకున్న చప్పుడు, మళ్లీ ఒక అడుగు. వరసమ్మాయి అది వింది. విని, 'కొత్తది కదా, నాలుగు రోజులకి కుదురుకుంటుంది,' అనుకుంది. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆమె సిగ్గుతో చచ్చిపోయేది ఈ మాటకే.

ఒక పొద్దున, నాన్న పనికి బయల్దేరి వెళ్లాక, వరసమ్మాయి షాపుకి వెళ్లబోతూ చెప్పులు వేసుకుంటోంది. అమ్మ మెట్ల దగ్గర నిలబడి కిందికి చూస్తూ ఉంది. చేతిలో కత్తెర అలాగే ఉంది.

"మీ నాన్న ఇవాళ మెట్లు కూర్చుని దిగారు," అంది.

"కూర్చుని దిగడమేంటి?"

"చిన్నపిల్లలు దిగుతారే, అలా. ఒక్కో మెట్టు మీదా కూర్చుని. ఎవరూ చూడట్లేదనుకున్నారు. కింద దాకా వెళ్లి, లేచి, బట్టలు దులుపుకుని, తలపైకెత్తి వెళ్లిపోయారు." "ఇవాళ పెద్ద కాంక్రీటు పలక ఎత్తుతారట. నాలుగో అంతస్తు మీదికి. మీ మామయ్య నిన్న చెప్పాడు."

మామయ్య అంటే అమ్మ తమ్ముడు. నాన్న పైన క్రేన్ గూట్లో ఉంటే, ఆయన దించే చోట వాకీటాకీ పట్టుకుని నిలబడి, ఎడమకి, కుడికి, నెమ్మదిగా అని చెబుతుంటాడు. పైనున్నవాడికి కింద జరిగేది సరిగ్గా కనబడదు; మామయ్య మాటే ఆయన కన్ను. ఎన్నో ఏళ్లుగా ఆ బరువులన్నీ మామయ్య నెత్తిమీదుగానే దిగాయి.

"నీళ్లు ఒంగింది యాప్ తప్పనుకున్నావా?" అంది అమ్మ.

వరసమ్మాయి ఒక చెప్పు వేసుకుని అలాగే నిలబడిపోయింది. "నీకు తెలుసా?"

"సగం గ్లాసులు ఎందుకిస్తున్నాననుకున్నావే? ఆయనకి కళ్లు తిరుగుతున్నాయి. భూమి ఒరుగుతోంది. ఆయన చెప్పలేదు, నేనడగలేదు. అడిగితే పైకెక్కడం మానమనాలి. మానితే ఆ మనిషి ఏమైపోతారు? ఆ గూడు తప్ప ఆయనకి ఇంకేం తెలుసు? నీళ్లు ఒంగుతున్నంతసేపూ నాకు ధైర్యంగానే ఉండేది. ఎంత ఒంగితే అంత ఆయనలోంచి బయటికి పోయినట్టేగా. మరి నువ్వు తీసేశాక అది ఎక్కడికి పోతుంది?"

ఎక్కడో నిండితేనే ఇక్కడ కారుతుంది. షాపు పెద్దాయన రోజూ అనే మాట అప్పుడు చెవిన పడింది, అదీ పక్కన నిలబడి అన్నట్టు. కారడం ఆపేస్తే నిండినది పోతుందా? లోపలే ఉంటుంది. తను ఒంపును బాగుచెయ్యలేదు, నాన్న లోపలికి నెట్టి మూత బిగించింది.

ఫోను తీసి నాన్న నంబరు దాకా వెళ్లి ఆగిపోయింది. బరువు గాల్లో ఉండగా జేబులో ఫోను మోగితే? ఆయనే చెప్పేవాడు, ఆ సమయంలో తుమ్ము కూడా ఆపుకోవాలని. బరువు దిగేదాకా మామయ్య ఫోను కింద పెట్టెలోనే ఉంటుంది. ఆమె మెట్లు రెండేసి చొప్పున దిగి, రెండు వీధులూ పరిగెత్తింది.

గేటు దగ్గర కాపలా మనిషికి ఆమె తెలుసు. అతని కింది వరస కూడా ఆమె సర్దిందే. ఆపకుండా తల మీద ఒక టోపీ పెట్టి పంపాడు.

లోపల అందరూ తలలు పైకెత్తి ఉన్నారు. కాంక్రీటు పలక, గదికి కప్పంత ఉంటుంది, గాల్లో వేలాడుతోంది. నాలుగో అంతస్తు అంచున మామయ్యా, ఇంకొందరు పనివాళ్లూ దాన్ని అందుకోవడానికి నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక గోడ లేదు, నిలబెట్టిన ఇనుప రాడ్లే ఉన్నాయి. పక్కకి తప్పుకోవడానికి చోటు లేదు. పలక వాళ్లకి కాస్త ఎగువన ఆగింది. ఆగి, చాలా నెమ్మదిగా ఊగుతోంది.

కింద సూపర్‌వైజరు ఒక చేతిలో టీ కప్పు, ఇంకో చేతిలో వాకీటాకీ పట్టుకుని నిలబడ్డాడు. దాంట్లోంచి మామయ్య గొంతు వస్తోంది.

"బావా, కాస్త ఎడమకి. ఎడమకి అన్నా బావా, అది కుడి. ఆగు, ఆగు. బావా? వినబడుతోందా?"

క్రేన్ చెయ్యి కుడికి ఒక జానెడు కదిలి ఆగిపోయింది. పైనుంచి జవాబు లేదు. పలక ఊగడం కొంచెం పెరిగింది. మామయ్య పక్కనున్నవాడు తలమీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, చెయ్యితో ఆ బరువు ఆగుతుందన్నట్టు.

"ఒక్క మాట చెప్పనివ్వండి ఆయనకి," అంది వరసమ్మాయి.

"ఎవరు నువ్వు? కూతురివా? ఇంటి గొడవలకి ఇదా సమయం?" అన్నాడు సూపర్‌వైజరు. కానీ అతని మొహంలో కూడా నెత్తురు చుక్క లేదు. ఆమె చెయ్యి చాపి వాకీటాకీ లాక్కుంటే అడ్డుకోలేదు.

మీట నొక్కాక ఆమెకి ఇంకొకటి తోచింది. ఇందులో అన్నది నాన్న ఒక్కడే వినడు. సైట్లో ఎన్ని వాకీటాకీలున్నాయో అన్నీ వింటాయి. కళ్లు తిరుగుతున్నాయా నాన్నా అని అడిగితే, ఆయన ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకున్నది ఆమే నడివీధిలో పరిచినట్టవుతుంది.

"నాన్నా, నేను," అంది. "మొన్న నీ కింది వరస మార్చాను కదా. అది తప్పు. తెలియక చేశాను. రసమట్టం ఎక్కడికీ పోలేదు, రెండో పేజీలో మూలన ఉంది. దాన్ని మళ్లీ కిందికి లాక్కో నాన్నా."

చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "హోమ్ స్క్రీన్ సర్దుకోవడానికి మంచి ముహూర్తమే," అని ఎవరో గొణిగారు. ఎవరూ నవ్వలేదు.

వాకీటాకీ గరగరమంది. చాలాసేపటి తర్వాత నాన్న గొంతు వచ్చింది. వాంతి ఆపుకుంటున్న గొంతు.

"లాగితే అందరికీ తెలుస్తుంది అమ్మలూ."

తెలియదులే అనాలనిపించింది ఆమెకి. చిన్నప్పుడు తను మంచం తడిపితే, ఎవరికీ తెలియదులే అని దుప్పటి మార్చిన మనిషి ఆయన.

"తెలుస్తుంది నాన్నా," అంది.

"ఏం తెలుస్తుంది బావా?" అని మామయ్య అరిచాడు పైనుంచి.

మళ్లీ గరగర. పలక ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఆ తర్వాత నాన్న మాట్లాడాడు. ఈసారి కూతురితో కాదు.

"బామ్మర్దీ, మనవాళ్లని కూర్చోమను. అందర్నీ రాడ్లు పట్టుకోమను. కింద ఖాళీ జాగాలో ఎవరూ లేకుండా చూడండి, పలక అక్కడికి దించేస్తా." ఒక్క క్షణం ఆగాడు. "ఇప్పుడు కొంచెం ఒంగుతుంది. భయపడకండి. అది నాదే."

పైన అంచు మీద అందరూ కూర్చుని రాడ్లు కావలించుకున్నారు. కింద జనం వెనక్కి జరిగారు. తర్వాత ఒంగింది.

సిమెంటు తడపడానికి పెట్టిన తొట్టెలో నీళ్లు ఒకవైపుకి లేచి నిలబడ్డాయి. ఇసుక గుట్ట ఒక పక్క జారింది. మేకుల డబ్బా బోర్లాపడి, మేకులన్నీ గలగలమంటూ క్రేన్ స్తంభం వైపు పరిగెత్తాయి. ఎవరో తీసి పక్కన పెట్టిన టోపీలు వాటి వెనకే దొర్లాయి. సూపర్‌వైజరు కప్పులో టీ ఏటవాలుగా నిలబడి, అంచు దాటి అతని వేళ్లమీద పడింది. ఇంట్లో సగం గ్లాసులో ఒంగినదే అక్కడ సైటంతా ఒంగింది. ఆ మనిషి ఒంటరిగా ఎంత మోస్తున్నాడో ఆమెకి అప్పుడు కళ్లారా కనిపించింది. ఇంత బరువు పెట్టుకుని ఆయన రోజూ ఆ నిచ్చెన ఎలా ఎక్కాడు?

పైన పలక ఊగడం ఆగింది.

"బావా, ఎడమకి," అన్నాడు మామయ్య. క్రేన్ చెయ్యి ఎడమకి తిరిగింది. తొట్రుపాటు లేదు, తొందర లేదు, పాతరోజుల్లో ఎలా తిరిగేదో అలాగే. పలక పనివాళ్ల తలలు దాటి, అంచు దాటి, ఖాళీ జాగా మీదికి వచ్చింది. "నెమ్మదిగా. ఇంకొంచెం. ఇంకాస్త. చాలు." గిన్నె మీద మూత పెట్టినట్టు పలక నేలమీద కూర్చుంది. ఎవరో వెళ్లి కొక్కెం విప్పారు.

నాన్న దిగడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఎక్కడున్నాడో ఎవరూ తలెత్తి చూడనక్కర్లేకపోయింది. ఆయన ఒక్కో మెట్టూ దిగుతుంటే తొట్టెలో నీళ్ల వాలు కూడా ఆయనతోపాటే కిందికి వచ్చింది. నేలమీద కాలు పెట్టేసరికి మేకులన్నీ ఆయన బూట్ల చుట్టూ చేరాయి. ఆయన వాటిని తొక్కకుండా నిలబడ్డాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగాడు సూపర్‌వైజరు.

"చాలా రోజులైందండీ," అన్నాడు నాన్న.

తిడతాడనే అందరూ అనుకున్నారు. అతను కప్పులో మిగిలిన టీ నేలమీద పారబోసి, "ఇంటికెళ్లు," అన్నాడు. ఆ మాటలో రేపు రమ్మన్న అర్థం లేదని అక్కడున్న ప్రతివాడికీ తెలిసింది. నాన్న తలమీది టోపీ తీసి, తుడిచి, అతని చేతికిచ్చాడు.

మామయ్య నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషి ఆ రోజు బావని రెక్కపట్టుకుని ఇంటిదాకా నడిపించాడు, దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. మెట్ల దగ్గరికి వచ్చాక మాత్రం, "ఇన్నాళ్లూ నీ కింద నిలబడ్డా కదా బావా. నాకైనా చెప్పొద్దా?" అన్నాడు. గొంతులో కోపం ఉంది, ఏడుపూ ఉంది. బావని ముందు నడవనిచ్చి, వెనకనుంచి నడుం పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కించాడు.

తర్వాత వెళ్లిన డాక్టరు చెవి లోపలి జబ్బన్నాడు. మందులతో తగ్గుతుందట, కానీ ఎత్తులు మళ్లీ ఎక్కడానికి లేదట. నాన్న తల ఊపాడు. బల్లమీద డాక్టరు మంచినీళ్ల సీసా కూడా ఆయన వైపే ఒంగి ఉంది. డాక్టరు దాన్ని తీసి నేలమీద పెట్టాడు.

"తప్పంతా నాదేనమ్మా," అంది వరసమ్మాయి ఇంటికొచ్చాక, వంటగదిలో. "యాప్ అనుకున్నాను. మనిషిని చూడలేదు."

"తిలా పాపం తలా పిడికెడు," అంది అమ్మ. "ఆయన దాచారు, నేను నోరు మూసుకున్నా, నువ్వు మూత పెట్టావు. ముగ్గురం కలిసే ఎక్కించాం ఆయన్ని. ఇక ఏడవకు, గ్లాసులు పట్టుకెళ్లు."

గ్లాసులు సగానికే నిండి ఉన్నాయి. ఈసారి వరసమ్మాయి వాటిని అలాగే పట్టుకెళ్లింది. నాన్న కంచం కింద తనే ఒక అట్టముక్క మడిచి పెట్టింది.

కొన్నాళ్లకి, ఒక మధ్యాహ్నం, ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. అమ్మ మెషిన్ నడుస్తోంది. కిటికీలోంచి చూస్తే క్రేన్ కదులుతోంది. అన్నాళ్లూ నేలమీదే పడి ఉన్న ఆ పలకని కొత్తవాడెవడో ఎత్తుతున్నాడు. నాన్న కిటికీ పక్క కుర్చీలో, పక్కనున్న గ్లాసులో నీళ్లు ఎంత వాలాయో తల సరిగ్గా అంతే ఒరగేసి కూర్చుని చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఎడమకి. ఇంకొంచెం. చాలు. పలక నాలుగో అంతస్తు మీద కూర్చునేదాకా ఆయన రెప్ప వెయ్యలేదు.

కూర్చున్నాక జేబులోంచి ఫోను తీసి కూతురి చేతికిచ్చాడు. "ఆ గాలిది తీసెయ్ అమ్మలూ. ఇక నాకు గాలితో పనేముంది?"

రసమట్టం తియ్యమంటే సిద్ధంగా ఉన్న పిల్ల దీనికి సిద్ధంగా లేదు. "ఉండనీ నాన్నా," అంది.

"తీసెయ్," అన్నాడు.

ఆమె గాలి యాప్‌ని నొక్కి పట్టి, వరసలోంచి పక్క పేజీకి లాగింది. ఇల్లంతా వేలాడదీసి ఉన్న తెరలు, లేతవీ ముదురువీ, పూలవీ చారలవీ, అన్నీ ఒక్కసారిగా ఊగడం మానేసి నిలువుగా నిలబడిపోయాయి. ఆమె పుట్టి పెరిగిన ఇంట్లో, ఆయన కూర్చుని ఉండగా తెరలు కదలకపోవడం కొత్తగా ఉంది. ఇల్లు ఊపిరి బిగపట్టినట్టుంది. కిటికీ బయట గాలి ఉందో లేదో కూడా తెలియలేదు.

మెషిన్ ఆగింది. అమ్మ తల ఎత్తింది. కదలని తెరలని చూసింది, మొగుణ్ని చూసింది. పైటచెంగుతో మెడ తుడుచుకుంది.

"పెట్టేయండి దాన్ని మళ్లీ," అంది. "ఉక్కపోస్తోంది."

"ఫ్యాను వేసుకో," అన్నాడు నాన్న.

"మీరు ఉండగా నేనెప్పుడైనా ఫ్యాను వేశానా?"

ఆయన కూతురి చేతిలోంచి ఫోను తీసుకుని, లావుపాటి వేలితో, రెండుసార్లు జారిపోతే మూడోసారికి, గాలిని తనే కింది వరసలోకి లాక్కొచ్చి పెట్టాడు. ముందు ఒక తెర అంచు కదిలింది. దాని పక్కది కదిలింది. అమ్మ మళ్లీ మెషిన్ తొక్కింది.

నాన్న కుర్చీలో కొంచెం సర్దుకుని, తెరలు ఊగే తీరు చూసి, మామయ్యకి ఫోను కలిపాడు. "బామ్మర్దీ, ఆ కొత్త కుర్రాడికి చెప్పు, ఇవాళ్టికి ఇక చాలు, దిగమను. పైన గాలి లేస్తోంది," అన్నాడు. తర్వాత గ్లాసు అందుకున్నాడు. నీళ్లు ఆయన వైపే ఒంగి ఉన్నాయి. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.